క్లీన్ కొడితే ఏమేం పోవాలి?

కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ను కట్టే బిల్డ్ టూల్‌లో, ఆ కట్టడంలో పోగైన ఫైళ్లను తీసేసే క్లీన్ కమాండ్ ఏమేం తుడవాలి అని అడిగితే చాలామంది తడుముకోకుండా "అన్నీ" అనేస్తారు. నాకు ఆ జవాబుతోనే పేచీ. నా లెక్క ప్రకారం, ఇదే మెషీన్ మీద, ఎవరినీ ఏమీ అడగకుండా, మళ్లీ అచ్చం అలాగే తయారుచేసుకోగలిగిన ఫైళ్లను మాత్రమే క్లీన్ తుడవాలి. ఇందులో ఏ ఒక్క షరతు తప్పినా ఆ ఫైలు జోలికి పోకూడదు.

ఇంత చిన్న కమాండ్ గురించి ఇంత పొడుగు రాతా అనుకుంటారేమో. నిజమే, టూల్ రాసేవాళ్లు క్లీన్‌ని అన్నిటికంటే చివర, వెళ్లిపోయే ముందు రెండు లైన్లలో రాసి పడేస్తారు. కంపైల్ తప్పితే ఎర్రర్ వస్తుంది, సరిచేసుకుంటాం. టెస్ట్ తప్పితే తెలుస్తుంది. కానీ వేరేవాళ్ల డిస్క్ మీది ఫైళ్లను ఉన్నపళంగా మాయం చేసే అధికారం ఉన్న కమాండ్ ఇదొక్కటే. ఫైళ్లు చెత్తబుట్టలోకి కూడా పోవు, నేరుగా పోతాయి.

మాది నల్లగొండలో చిన్న టీమ్. రామగిరిలో ఒక ఇంటి మేడ మీద కూర్చుని మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. లారీ కాంటా ఎక్కగానే బరువు చదవడం, వడ్ల తేమ ఎంతో ఎక్కించడం, తెలుగులో రసీదు ప్రింట్ కొట్టడం, చివరికి సీఎంఆర్ (సర్కారు వడ్లను మరాడించి తిరిగి ఇచ్చే బియ్యం) లెక్క కట్టడం దాని పని. క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి కదా, ఆ లెక్క. సర్వర్ భాగం గో భాషలో ఉంటుంది, ఫోన్ యాప్ ఫ్లట్టర్‌లో ఉంటుంది, రసీదు టెంప్లేట్లు, తెలుగు ఫాంట్లు వేరే. వీటన్నిటినీ కలిపి కట్టడానికి మొదట్లో ఒక షెల్ స్క్రిప్టు ఉండేది. అది పెరిగి పెరిగి సొంత బిల్డ్ టూల్ అయి కూర్చుంది. (సొంత బిల్డ్ టూల్ రాసుకోవడం మంచిదా అంటే కాదు. కానీ ఆ వాదన ఇంకోసారి.) దానికి క్లీన్ పెట్టే వేళకు టీమ్ రెండుగా చీలింది.

మా టీమ్‌లోని జడ్చర్ల తమ్ముడి మాట సూటిగా ఉంది. "క్లీన్ అంటే రిపో అప్పుడే క్లోన్ చేసినట్టు కావాలె అన్నా. గిట్ క్లీన్‌కి ఎఫ్, డీ, ఎక్స్ తగిలిస్తే అయిపాయె. మనం మళ్ల లిస్టు రాసుడెందుకు?"

కోడ్ చరిత్రను దాచే టూల్ గిట్. రిపో అంటే అది చూసుకునే ప్రాజెక్ట్ ఫోల్డర్, క్లోన్ అంటే దాని తాజా నకలు. గిట్ క్లీన్‌కు ఆ మూడు అక్షరాలు ఇస్తే, గిట్‌లో లేని ఫైళ్లన్నీ ఫోల్డర్లతో సహా పోతాయి. తీసిపారేసే మాట కాదిది. దానిలో ఒక అందం ఉంది. నిర్వచనం ఒక్క వాక్యంలో అయిపోతుంది, గిట్‌కి తెలియని ఫైలేదీ మిగలదు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని కూర్చుని తర్కించే పని లేదు. సీఐ సర్వర్ (బిల్డ్, టెస్టులు తనంతట తాను నడిపే మెషీన్) మీద నేనూ అదే వాడతాను. అక్కడ పోవడానికి ఏమీ ఉండదు కాబట్టి. మనిషి కూర్చుని పనిచేసే లాప్‌టాప్ సంగతి వేరు.

గిట్ ఇగ్నోర్ ఫైల్‌లో ఒక పేరు రాశామంటే మనం చెప్పేది "ఇది కమిట్ చేయొద్దు", అంటే గిట్ చరిత్రలోకి ఎక్కించొద్దు అని. "ఇది పారేసినా పర్లేదు" అని కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. మా ఇగ్నోర్ జాబితానే చూడండి. బిల్డ్ ఫోల్డర్ ఉంది, అది పోతే పోనీ. టెస్ట్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న డాట్ ఈఎన్‌వీ ఫైల్ ఉంది. కాంటా డిస్‌ప్లే ఎవరి లాప్‌టాప్‌కు ఏ కామ్ పోర్టులో తగులుకుందో రాసి ఉన్న చిన్న కాన్ఫిగ్ ఉంది. ఎడిటర్ సెట్టింగులు ఉన్నాయి. ఇవన్నీ కమిట్ చేయకూడనివే, కానీ వీటిలో పారేయదగ్గది మొదటిదొక్కటే. గిట్ రాసినవాళ్లకు ఈ ప్రమాదం తెలుసు. అందుకే బలవంతపు ఎఫ్ ఇవ్వకపోతే గిట్ క్లీన్ మామూలుగా పని చేయనంటుంది. ఎక్స్ ఇవ్వకపోతే ఇగ్నోర్ చేసిన ఫైళ్లను ముట్టుకోదు. ఎన్ ఇస్తే ఏమేం పోతాయో చూపించి ఊరుకుంటుంది. ఇన్ని కాపలాలు పెట్టిన కమాండ్‌ను తెచ్చి, కాపలాలన్నీ ముందే తీసేసి, మన టూల్‌లో "క్లీన్" అనే పేరు వెనక దాచడం నాకు న్యాయంగా అనిపించలేదు.

సరే, ఇగ్నోర్ జాబితాను పక్కన పెడదాం. చాలామంది పెద్దవాళ్లు చెప్పే రెండో సూత్రం ఒకటి ఉంది: టూల్ చేసినది టూలే తుడవాలి, మనిషి చేసినది ముట్టుకోకూడదు. వినడానికి బాగుంది. నేనూ మొదట దీనివైపే మొగ్గాను. కానీ మా రిపోలోనే ఇది నిలబడలేదు.

మా టూల్‌లో రికార్డ్ అనే కమాండ్ ఒకటి ఉంది. లాప్‌టాప్‌ను మిల్లు దగ్గర కాంటాకు తగిలించి దాన్ని నడిపితే, సీరియల్ పోర్టులో వచ్చే రీడింగులను టైముతో సహా ఒక ఫైల్‌లో పట్టుకుంటుంది. లారీ ఎక్కుతున్నప్పుడు అంకె ఎలా ఊగుతుంది, ఎంతసేపటికి నిలకడకు వస్తుంది, డ్రైవర్ దిగకుండా కూర్చుంటే ఏమవుతుంది, పక్కన డీజిల్ జనరేటర్ ఆన్ అయితే మధ్యలో ఎలాంటి పిచ్చి అక్షరాలు పడతాయి, ఇవన్నీ అందులో ఉంటాయి. బరువు నిలకడకు వచ్చిందా లేదా అని తేల్చే కోడ్‌ను ఈ రీడింగుల మీదే టెస్ట్ చేస్తాం. ఫైళ్లు పెద్దవి కాబట్టి గిట్‌లో పెట్టలేదు. బిల్డ్ ఫోల్డర్ కిందే ఒక మూల ఉండేవి.

ఈ ఫైళ్లను చేసింది ఎవరు? మా టూలే. కాబట్టి రెండో సూత్రం ప్రకారం క్లీన్ వీటిని తుడిచేయొచ్చు. మరి మళ్లీ చేయగలదా? చేయగలదు, యాసంగి కోతలై, సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు కల్లాల మీదికొచ్చి, లారీలు మిల్లు ముందు వరస కట్టిన రోజు. అప్పుడు కూడా అవే రీడింగులు రావు, వేరేవి వస్తాయి. నెలల తరబడి ఆగాలి, ఆగినా పాతది దొరకదు. జడ్చర్ల తమ్ముడు కూడా ఇక్కడ కాస్త ఆగాడు. "దాన్ని వేరే ఫోల్డర్ల పెడదాం" అన్నాడు. పెట్టాం కూడా. కానీ ఫోల్డర్ మార్చినంత మాత్రాన సూత్రం నిలబడినట్టు కాదు. సూత్రం తప్పని ఒప్పుకుని ఫైలును దాని దారిలోంచి తప్పించాం, అంతే.

ఇలాంటివి వెతికితే చాలా ఉన్నాయి. తాళపు చెవుల్లాంటి కీ ఫైళ్లనే తీసుకోండి. టెస్ట్ యాప్ మీద సంతకం చేసే కీ ఉండే ఆండ్రాయిడ్ డీబగ్ కీస్టోర్‌ను టూలే తనంతట తాను తయారుచేస్తుంది. పోతే మళ్లీ చేస్తుంది. కానీ మళ్లీ చేసేది వేరే కీ. కొత్త కీతో కట్టిన యాప్‌ను, పాత కీతో కట్టిన యాప్ ఉన్న ఫోన్‌లో వేయబోతే సంతకం కలవలేదని ఫోన్ ఒప్పుకోదు. పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోవాలి. తీసేస్తే దానిలోని డేటా కూడా పోతుంది. మిల్లు గుమస్తా ఫోన్‌లో టెస్టుకని ఇచ్చిన యాప్‌లో, నెట్ లేక సర్వర్‌కు ఇంకా పంపని ఎంట్రీలు ఉన్నాయనుకోండి. ఆయనకు ఏమని చెప్తాం? మీ ఎంట్రీలు పోవడానికి కారణం మా ఆఫీసులో ఎవరో క్లీన్ కొట్టడం అనా?

వాడిన ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లను రాసి ఉంచే లాక్ ఫైళ్లదీ ఇదే కథ. రస్ట్ భాష వాళ్ల కార్గో లాక్, జావాస్క్రిప్ట్ వాళ్ల ఎన్‌పీఎం ప్యాకేజ్ లాక్, ఇవి టూల్ రాసినవే. తీసేస్తే మళ్లీ రాస్తుంది. కానీ ఈ రోజు దొరికే వెర్షన్లతో రాస్తుంది. నిన్న పనిచేసిన బిల్డ్ ఈ రోజు చేయదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. లినక్స్ కెర్నల్‌లో డాట్ కాన్ఫిగ్ ఫైల్ ఇంకా మంచి ఉదాహరణ. దాన్ని రాసేది మెనూకాన్ఫిగ్ అనే టూల్. కానీ అందులో ఉండేవి మనిషి ఒక్కొక్కటిగా ఎంచుకున్న నిర్ణయాలు. టూల్ అక్కడ గుమస్తా మాత్రమే. కెర్నల్ వాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. వాళ్ల మేక్ క్లీన్ (మేక్ అన్నది పాత బిల్డ్ టూల్) డాట్ కాన్ఫిగ్‌ను వదిలేస్తుంది, బయటి మాడ్యూళ్లు కట్టడానికి కావాల్సిన సరంజామాను కూడా వదిలేస్తుంది. కాన్ఫిగ్ కూడా పోవాలంటే మేక్ ఎంఆర్‌ప్రాపర్ అని వేరే చెప్పాలి. యూరప్‌లో గచ్చు తుడిచే ద్రావణం పేరు అది. పేరు సరదాగా ఉంది కానీ చేసే పని సరదా కాదు.

కాబట్టి ఎవరు చేశారు అన్నది అసలు ప్రశ్న కాదు. మళ్లీ చేస్తే అదే వస్తుందా అన్నది అసలు ప్రశ్న.

దాని వెంటే ఇంకో ప్రశ్న ఉంది. మళ్లీ చేయడానికి ఏం కావాలి? ఇక్కడే నల్లగొండలో కూర్చుని రాసేవాడికీ, హైటెక్ సిటీలో ఫైబర్ లైన్ పక్కన కూర్చుని రాసేవాడికీ తేడా వస్తుంది. కంపైల్ అయిన ఆబ్జెక్ట్ ఫైల్ పోతే ప్రాసెసర్ కాసేపు వేడెక్కుతుంది, ఫ్యాన్ మోగుతుంది, అంతే. డౌన్‌లోడ్ చేసుకున్న ప్యాకేజీ పోతే నెట్ కావాలి. మేం మిల్లుల దగ్గరికి వెళ్లినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ మీదే పని. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్‌లో ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్ గ్రాడిల్ జిప్ ఒక్కటే 100 ఎంబీ దాటుతుంది. ఆండ్రాయిడ్ ఎస్‌డీకే భాగాలు, డిపెండెన్సీలు కలిపితే మధ్యాహ్నానికి కోటా ఖతం. నిడమనూరు దగ్గర మిల్లులో కూర్చుని, ఓనర్ ఎదురుగా చూస్తుండగా, ప్రోగ్రెస్ బార్ కదలకపోతే వచ్చే టెన్షన్ ఎలాంటిదో ఫైబర్ పక్కన కూర్చున్నవాడికి చెప్పినా తెలియదు.

అందుకే తెచ్చుకున్నది వేరు, చేసుకున్నది వేరు అని గుర్తించిన టూల్స్ అంటే నాకు గౌరవం. జావా వాళ్ల మేవెన్ క్లీన్ ప్రాజెక్ట్‌లోని టార్గెట్ ఫోల్డర్‌ను తీసేస్తుంది, హోమ్ ఫోల్డర్‌లో దించుకున్న ప్యాకేజీలుండే ఎం2 రిపాజిటరీని ముట్టదు. కార్గో క్లీన్ కూడా టార్గెట్‌తోనే ఆగుతుంది, హోమ్‌లో దించుకున్న క్రేట్లు (రస్ట్ ప్యాకేజీలు) అలాగే ఉంటాయి. గో వాళ్లు దీన్ని ఇంకా విడమరిచారు. గో క్లీన్‌కు బిల్డ్ క్యాష్ (దాచిపెట్టుకున్న పాత ఫలితాలు) పోవాలంటే ఒక ఫ్లాగ్, దించుకున్న మాడ్యూళ్లు పోవాలంటే మాడ్‌క్యాష్ అనే వేరే ఫ్లాగ్. అడిగితేనే పోతుంది. పైగా మాడ్యూల్ క్యాష్‌లోని ఫైళ్లను చదవడానికి మాత్రమే వీలుగా ఉంచుతారు కాబట్టి, ఎవరైనా తొందరపడి చేత్తో ఫోల్డర్ తీసేయబోయినా పర్మిషన్ లేదని అడ్డం తగులుతుంది. ఫ్లట్టర్ క్లీన్ మధ్యస్థంగా ఉంటుంది. బిల్డ్‌నూ, డాట్ డార్ట్ టూల్ ఫోల్డర్‌నూ తీసేస్తుంది, కాబట్టి తర్వాత మళ్లీ పబ్ గెట్ (ప్యాకేజీలు తెచ్చే కమాండ్) కొట్టాల్సిందే. కానీ ప్యాకేజీలు పబ్ క్యాష్‌లో ఉంటాయి కనుక ఆఫ్‌లైన్ అని చెప్తే నెట్ లేకుండానే పని జరుగుతుంది. ఈ ఆఫ్‌లైన్ ఫ్లాగ్ సంగతి తెలియక హాట్‌స్పాట్ డేటా తగలేసుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కార్గోలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి ఉంది. 2025లో వచ్చిన 1.88 వెర్షన్ నుంచి అది హోమ్‌లోని పాత డౌన్‌లోడ్లను తనంతట తానే తీసేస్తోంది, మూడు నెలలుగా ఎవరూ వాడనివాటిని. అయితే మనం ఆఫ్‌లైన్ అని చెప్పి నడిపితే ఈ శుభ్రత పని మానేస్తుంది. నెట్ లేనివాడు చాలాకాలం లేకుండానే ఉండొచ్చు, వాడి దగ్గర ఉన్నది తీసేస్తే మళ్లీ తెచ్చుకోలేడు అని ఆలోచించి పెట్టిన షరతు అది. అది రాసినవాళ్లు ఎక్కడ ఉంటారో గానీ, నిడమనూరు మిల్లును కళ్లారా చూసినట్టే రాశారు.

ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు. మేక్‌ను బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో రాశాడు. క్లీన్ అన్నది అందులో ప్రత్యేకమైన కమాండ్ కాదు, మనం రాసుకునే ఒక మామూలు టార్గెట్ (చేయాల్సిన పనికి పెట్టే పేరు), అలవాటుగా స్థిరపడిపోయిన పేరు. (ఆ ఫోల్డర్‌లో క్లీన్ అనే పేరుతో ఒక ఫైల్ ఉంటే, "ఇది తాజాగానే ఉంది" అని మేక్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అందుకే ఫోనీ (ఇది ఫైల్ కాదు, ఉత్త పేరు) అని ప్రకటించాలి.) తర్వాత గ్నూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ వాళ్లు దీనికి నాలుగు మెట్లు కట్టారు. మోస్ట్‌లీక్లీన్, క్లీన్, డిస్ట్‌క్లీన్, మెయింటెయినర్ క్లీన్. క్లీన్ అంటే బిల్డ్ చేసినప్పుడు పుట్టినవి పోతాయి, కాన్ఫిగరేషన్‌ను నమోదు చేసిన ఫైళ్లు ఉంటాయి. డిస్ట్‌క్లీన్ అయితే అవి కూడా పోయి, ప్యాకేజీ ఎలా వచ్చిందో అలా మిగులుతుంది. మోస్ట్‌లీక్లీన్ అయితే, మళ్లీ కట్టాల్సిన అవసరం అరుదుగా వచ్చి, కట్టడానికి మాత్రం చాలా సమయం పట్టే లిబ్‌జీసీసీ (జీసీసీ కంపైలర్ లైబ్రరీ) లాంటివాటిని వదిలేస్తుంది.

నాకు ఇష్టమైనది నాలుగో మెట్టు. బైసన్ అనే టూల్ తయారుచేసే సీ ఫైళ్లను గ్నూ ప్యాకేజీల్లో ముందే చేసి పెట్టి పంపేవారు, దించుకున్నవాడి దగ్గర బైసన్ ఉండకపోవచ్చని. మెయింటెయినర్ క్లీన్ మాత్రమే వాటిని తుడుస్తుంది. తుడిచే ముందు, ఇది మెయింటెయినర్లు వాడాల్సిన కమాండ్, దీనితో పోయేవాటిని మళ్లీ చేయాలంటే ప్రత్యేక టూల్స్ కావాల్సి రావచ్చు అని తెర మీద చెప్పాలని వాళ్ల నియమం. అంత తుడిచే మెయింటెయినర్ క్లీన్ కూడా, మెషీన్‌కు తగ్గట్టు బిల్డ్‌ను సిద్ధం చేసే కాన్ఫిగర్ స్క్రిప్టును మాత్రం ముట్టకూడదని మినహాయింపు పెట్టారు. అది కూడా పోతే మళ్లీ మొదలుపెట్టడానికే దారి ఉండదు. అవతలివాడి దగ్గర ఏముందో, ఏం లేదో ఊహించి గీసిన గీతలు ఇవి. చెరువులో పూడిక తీయించేటప్పుడు మన ఊళ్లలో పెద్దలు కట్ట మొదట్లో తవ్వనివ్వరు, నీళ్లు పట్టి ఉంచే అడుగు మట్టిని దాటి లోతుకు పోనివ్వరు, కారణం అదే.

అలాగని నాలుగు మెట్లూ మా టూల్‌లో పెట్టాలని నేననలేదు. మోస్ట్‌లీక్లీన్‌కూ క్లీన్‌కూ తేడా ఏమిటో గుర్తుపెట్టుకునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. పేర్లు ఎక్కువైతే జనం అన్నిటికంటే గట్టిగా తుడిచేదాన్ని అలవాటు చేసుకుంటారు, "ఎందుకైనా మంచిది" అని.

ఆ "ఎందుకైనా మంచిది" గురించి కాస్త మాట్లాడాలి. అసలు మనం క్లీన్ ఎందుకు కొడతాం? డిస్క్ నిండితే కొడతాం, అది సబబే. కానీ ఎక్కువసార్లు కొట్టేది బిల్డ్ మీద నమ్మకం లేక. మేవెన్ వాడే జావా టీమ్‌లలో "ఎంవీఎన్ క్లీన్ ఇన్‌స్టాల్" అన్నది ఒక్క మాటలా, దండకంలా నోటికొచ్చేస్తుంది. దానికి కారణం లేకపోలేదు. ఒక జావా ఫైల్ తీసేస్తే, దాన్ని కంపైల్ చేయగా వచ్చిన క్లాస్ ఫైల్ టార్గెట్‌లో మిగిలిపోయి, లేని క్లాస్ ఉన్నట్టు టెస్టులు పాసయ్యే సందర్భాలు అందరూ చూశారు. అంటే బిల్డ్‌లో ఉన్న జబ్బుకు క్లీన్‌ను మందుగా వాడుతున్నాం. జబ్బు అక్కడే ఉంటుంది, మందు మాత్రం రోజూ వేసుకుంటాం. బజెల్ అనే బిల్డ్ టూల్ డాక్యుమెంటేషన్ ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంది. క్లీన్ ముఖ్యంగా డిస్క్ ఖాళీ చేసుకోవడానికి ఇచ్చాం, తిరిగి కట్టినప్పుడు ఎప్పుడైనా తప్పు ఫలితం వస్తే క్లీన్ కొట్టి ఊరుకోవద్దు, టూల్‌లో బగ్ ఉందని మాకు చెప్పండి అంటుంది.

నమ్మకం లేనప్పుడు కావాల్సింది తుడవడం కాదు, మళ్లీ కట్టడం. దీనికి వేరే దారులు ఎప్పటినుంచో ఉన్నాయి. మేక్‌కు పెద్ద బీ ఇస్తే ఏదీ తుడవకుండానే అన్నిటినీ మళ్లీ కడుతుంది. గో బిల్డ్‌కు ఏ ఇవ్వొచ్చు. గ్రాడిల్‌లో రీరన్ టాస్క్స్ ఉంది. గో క్లీన్‌లో టెస్ట్‌క్యాష్ ఫ్లాగ్ నిజానికి ఏమీ తుడవదు, పాత టెస్ట్ ఫలితాలు ఇక చెల్లవని రాసి పెడుతుందంతే. ఫైలు ఉంటుంది, దాని మాట మాత్రం చెల్లదు. ఈ రెండు కోరికలనూ విడదీస్తే క్లీన్ మీద సగం బరువు దిగిపోతుంది. జడ్చర్ల తమ్ముడి వాదనలో సగం కూడా ఇక్కడే తీరింది. ఆయనకు నిజంగా కావాల్సింది, పాత ఫైళ్ల ప్రభావం లేకుండా కట్టిన బిల్డ్. మా టూల్‌లో "మొత్తం మళ్లీ కట్టు" అనే కమాండ్ లేకపోవడం వల్లే ఆయన క్లీన్ మీద పడ్డాడు.

మిగిలిన సగం గట్టిదే. ఏ ఫైలును టూల్ చేసిందో టూల్‌కు ఎలా తెలియాలి? ఫోల్డర్ పేరును నమ్మడం ఒక పద్ధతి. బిల్డ్ అని పేరుంటే అందులోదంతా నాది అనుకోవడం. సులువైన పద్ధతి, ప్రమాదమూ ఇందులోనే ఉంది. ఆ పేరు ఒక వేరియబుల్‌లో ఉండి, ఆ వేరియబుల్ ఖాళీ అయితే? 2015లో లినక్స్ మీద స్టీమ్ (గేమ్‌ల స్టోర్) స్క్రిప్టులో జరిగింది ఇదే. స్టీమ్ ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చినవాళ్ల దగ్గర స్టీమ్‌రూట్ అనే వేరియబుల్ ఖాళీగా వచ్చి, తుడిచే కమాండ్ రూట్ (అన్ని ఫోల్డర్లకూ మొదలు) నుంచి మొదలైంది. మనుషుల సొంత ఫైళ్లు, తగిలించి ఉన్న బ్యాకప్ డ్రైవ్‌లతో సహా పోయాయి. 2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో యూఎస్ఆర్ (సిస్టమ్ ప్రోగ్రాములుండే ఫోల్డర్) తర్వాత ఒక్క స్పేస్ ఎక్కువ పడింది. దాంతో ఎక్కడో లోపలి ఫోల్డర్ పోవాల్సింది పోయి యూఎస్ఆర్ మొత్తం పోయింది. ఒక్క స్పేస్.

రెండో పద్ధతి చిట్టా రాసుకోవడం. నింజా అనే బిల్డ్ టూల్ తాను చేసిన ప్రతి ఫైలునూ లాగ్‌లో రాసుకుంటుంది. క్లీన్‌డెడ్ అనే దాని సబ్‌కమాండ్, ఒకప్పుడు తాను చేసి, ఇప్పుడు బిల్డ్ ఫైల్‌లో లేని అవుట్‌పుట్‌లను మాత్రమే ఏరి తీసేస్తుంది. ఇందాక చెప్పిన జావా క్లాస్ ఫైల్ జబ్బుకు అసలు వైద్యం ఇదే. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ వాళ్ల ఎంఎస్‌బిల్డ్ కూడా చిట్టా రాస్తుంది, దాని క్లీన్ ఆ చిట్టాలో ఉన్నవే తీస్తుంది. అందుకే డాట్‌నెట్ వాళ్లు "క్లీన్ కొట్టినా ఏమీ పోవట్లేదు" అని గొణుగుతూ బిన్, ఓబీజే ఫోల్డర్లను చేత్తో తీసేస్తుంటారు. డీబగ్ కాన్ఫిగరేషన్‌లో క్లీన్ కొడితే రిలీజ్‌వి మిగులుతాయి, చిట్టాకు ఎక్కనివి ఎప్పటికీ మిగులుతాయి. చిట్టా పోతే అనాథ ఫైళ్లే.

తక్కువ తుడిస్తే గొణుగుతారు, ఎక్కువ తుడిస్తే ఏడుస్తారు. రెండిట్లో గొణుగుడే నయం అని నా అభిప్రాయం, కానీ గొణుగుడును అలా వదిలేస్తే జనం చేత్తో ఫోల్డర్లు తీసేయడం మొదలుపెడతారు, అప్పుడు ఏ కాపలా ఉండదు.

చివరికి మేం రెండు పద్ధతులనూ కలిపాం. టూల్‌కు సొంత ఫోల్డర్ ఒకటే. దాన్ని టూలే పుట్టిస్తుంది, పుట్టించగానే లోపల గుర్తు ఫైల్ ఒకటి పెడుతుంది. కార్గో తన టార్గెట్ ఫోల్డర్‌లో క్యాష్‌డిర్ ట్యాగ్ పెట్టినట్టు. బ్యాకప్ ప్రోగ్రాములు కూడా ఆ ట్యాగ్‌ను చూసి ఆ ఫోల్డర్‌ను వదిలేయగలవు, అది అదనపు లాభం. గుర్తు లేకపోతే క్లీన్ ఆ ఫోల్డర్‌ను ముట్టదు, పేరు ఏదైనా సరే. ఆ ఫోల్డర్ ప్రాజెక్ట్ బయట ఉందని తేలినా ముట్టదు. వీట్ అనే టూల్ కూడా అవుట్‌పుట్ ఫోల్డర్ ప్రాజెక్ట్ లోపల ఉంటేనే తనంతట తాను ఖాళీ చేస్తుంది, బయట ఉంటే హెచ్చరించి, దాన్ని ముట్టకుండా వదిలేస్తుంది. సొంత ఫోల్డర్ లోపల సిమ్‌లింక్ ఉంటే లింకును తీసేస్తాం, అది చూపించే చోటికి పోం. ఫాంట్ల ఫోల్డర్‌ను లింకుతో తెచ్చుకునేవాళ్లు మా టీమ్‌లో ఉన్నారు.

సొంత ఫోల్డర్ బయట టూల్ తప్పనిసరిగా పెట్టాల్సిన ఫైళ్లు కొన్ని ఉన్నాయి, టెంప్లేట్ నుంచి పుట్టే గో సోర్స్ ఫైళ్ల వంటివి. వాటికి చిట్టా ఉంటుంది, ఒక్కొక్కదానికి హ్యాష్‌తో (ఫైలులో ఏం మారినా మారిపోయే గుర్తు సంఖ్య). తుడిచే వేళకు హ్యాష్ మారి ఉంటే, ఎవరో చేత్తో సవరించారని అర్థం. అప్పుడు తుడవకుండా ఫైలు పేరు చెప్పి వదిలేస్తుంది. పుట్టించిన ఫైలును చేత్తో సవరించడం తప్పే. కానీ యాసంగి సీజన్ మధ్యలో, మిల్లు దగ్గర, రసీదులో తేమ శాతం పక్కన చుక్క తప్పు పడుతోందని ఓనర్ అరుస్తుంటే, టెంప్లేట్ వెతికే ఓపిక లేక నేరుగా ఆ ఫైలులోనే దిద్దేవాడిని నేను తప్పు పట్టలేను. ఆ దిద్దుబాటును క్లీన్ మింగేస్తే తప్పు టూల్‌దే.

డౌన్‌లోడ్లు, కీలు, రీడింగులు క్లీన్‌కు కనపడవు. డౌన్‌లోడ్లకు వేరే కమాండ్ పెట్టాం. అది ముందు ఎన్ని ఎంబీ మళ్లీ దించాల్సి వస్తుందో చెప్పి, అవును అంటేనే తీస్తుంది. కీలకూ రీడింగులకూ తుడిచే కమాండే లేదు. కావాలంటే ఫైల్ మేనేజర్‌లోకి వెళ్లి చేత్తో తీసుకోవచ్చు. మామూలు క్లీన్ మాత్రం ఏమీ అడగదు. ప్రతిదానికీ "నిజంగానా?" అని అడిగితే జనం చదవకుండా వై కొట్టడం నేర్చుకుంటారు, అప్పుడు అడిగీ లాభం లేదు. తీసేసినవి ఎన్ని, ఎంత ఖాళీ అయింది, ఏది ఎందుకు వదిలేసింది అని చివర్లో చెప్తుంది.

ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. మిల్లుల్లో ఉండేవి విండోస్ మెషీన్లు. సర్వర్ ప్రోగ్రామ్ నడుస్తుండగా దాని ఈఎక్స్ఈ ఫైలును విండోస్ తుడవనివ్వదు. క్లీన్ సగంలో ఉండగా ఇది ఎదురైతే అక్కడే ఆగిపోవాలి, సగం తుడిచిన ఫోల్డర్ మీద ఎవరూ బిల్డ్ కట్టకూడదని తమ్ముడి వాదన. దొరికినవన్నీ తీసేసి, దొరకనివాటి పేర్లు చెప్పి, ఫెయిల్ కోడ్‌తో బయటికి రావాలని నాది. బిల్డ్ సరిగ్గా రాసి ఉంటే సగం ఖాళీ ఫోల్డర్ మీద కూడా సరైన ఫలితమే రావాలి కదా అంటాను నేను. "మన బిల్డ్ అంత సరిగ్గ రాసినమా అన్నా?" అంటాడు. ప్రస్తుతానికి నా పద్ధతే నడుస్తోంది, కాకపోతే ఆయన అడిగినట్టు, క్లీన్ ఫెయిలైతే తర్వాతి బిల్డ్ దానంతట అదే మొత్తం మళ్లీ కట్టేలా పెట్టాం.